అంతరిక్ష సైన్యములు – అగ్రరాజ్యముల ఆయుష్షు

చదువవలసిన లేఖన భాగములు: న్యాయాధిపతులు 4, 5 అధ్యాయములు, దానియేలు 2:31–45, యిర్మీయా 29:1–10, ఓబద్యా 1–4.

ఛత్తీస్‌గఢ్ రాజధానియైన రాయపూరులో, పండరి బట్టల బజారుకు చేరువగా, దేవేంద్ర నగర్ అను పేట కలదు. ఆ పేరు వినగానే తెలుగువారి మనస్సునకు మొదట తోచునది స్వర్గాధిపత్యమే. ఎవరికైనను గొప్ప ఉద్యోగము దొరికినప్పుడు దేవేంద్ర పదవి దొరికినదని చెప్పుట మన పెద్దల వాడుక. అయితే ఆ పురాణ కథలలోనే ఆ పదవి ఒక్కరి సొత్తు కాదు. మన్వంతరము మారినప్పుడు ఇంద్రుడును మారును. నహుషుడు ఆ గద్దెనెక్కి, గర్వించి, సర్పమై నేలబడెను. అగ్రస్థానము చేతులు మారునన్న సంగతి లేఖనములు చదువని వారికిని తెలిసిన సంగతియే.

రాయపూరు చరిత్రయును ఆ మాటనే చెప్పుచున్నది. ఆ ప్రాంతమును కలచురి రాజులు అనేక శతాబ్దములు ఏలిరి. 1741లో నాగపూరు భోంస్లేల సేనాని భాస్కర పంతు దండెత్తి వచ్చినప్పుడు రతనపూరు లొంగిపోయెను. ఆ భోంస్లేల రాజ్యమును 1854లో డల్హౌసీ ప్రభువు, వారసుడు లేడన్న కారణము చూపి, కంపెనీ పాలనలో కలిపివేసెను. తొంబది మూడు సంవత్సరములు గడచిన తరువాత ఆంగ్లేయులును ఓడనెక్కిరి. వీరిలో ఎవరును తమ దినములు లెక్కింపబడియున్నవని తలంచి రాజ్యము చేయలేదు.

ఆ నగరమునకును తెలుగుదేశమునకును గల సంబంధము చాలవరకు ఇనుప పట్టాల సంబంధము. విజయనగరము నుండి పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా రాయపూరు చేరు రైలుమార్గము 1931లో పూర్తియయ్యెను. ఆ దారినే ఉత్తరాంధ్ర జిల్లాలవారు పొట్ట చేతబట్టుకొని రైల్వే కొలువులకును, కూలిపనికిని, వర్తకమునకును వచ్చిరి. తరువాత మరి పెద్ద ఆకర్షణ యొకటి కలిగెను. అది రాయపూరుకు పడమట సుమారు 30 కిలోమీటర్ల దూరముననున్న భిలాయి.

భిలాయి కొలిమి

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత ప్రభుత్వమును సోవియట్ యూనియనును ఒడంబడిక చేసికొని, భిలాయిలో సంవత్సరమునకు 10 లక్షల టన్నుల ఉక్కు తయారుచేయు కర్మాగారమును నిర్మింపబూనినవి. దల్లి-రాజహరా కొండల ఇనుప రాయి అందుకు ఆధారము. నాలుగు సంవత్సరములు తిరిగి వచ్చుసరికి, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు గారు మొదటి కొలిమిని ప్రారంభించిరి. రష్యా ఇంజనీర్లు కుటుంబములతో వచ్చి కాపురముండిరి. శ్రీకాకుళము, విశాఖ జిల్లాలనుండి వచ్చిన తెలుగు పనివారు వారి ప్రక్కన నిలిచి కరిగిన ఇనుమును పోయుట నేర్చుకొనిరి. ఆ దినములలో సోవియట్ యూనియను అనగా సామాన్యమైన రాజ్యము కాదు. భిలాయి పునాదులు ఇంకను పూర్తికాకముందే, 1957 అక్టోబరు 4న, లోకములో మొదటి కృత్రిమ ఉపగ్రహమును ఆకాశమునకు పంపిన రాజ్యమది. 1961లో మొదటి మానవుని పంపినది. మన ఆర్యభట్ట ఉపగ్రహమును 1975 ఏప్రిల్ 19న తన రాకెట్టుపై ఎక్కించుకొని పోయినది. హైదరాబాదులో చదివి పెరిగిన రాకేశ్ శర్మ గారిని 1984 ఏప్రిల్ 3న సోయజ్ నౌకలో రోదసికి కొనిపోయినదియు ఆ రాజ్యమే.

అట్టి రాజ్యము 1991 డిసెంబరు 26న లేకుండపోయెను. 1922 డిసెంబరు 30న పుట్టినది గనుక దాని ఆయుష్షు 69 సంవత్సరములు. మన దేశములో అనేకమంది తాతలకంటె అది తక్కువ కాలము జీవించినది. భిలాయి కొలిమి మాత్రము ఆరలేదు. నేటికిని మన రైళ్లు నడుచు పట్టాలు అక్కడ తయారగుచున్నవి. నేర్పిన రాజ్యము పోయెను, నేర్చుకొనిన చేయి మిగిలెను. ఈ సంగతి ఈ పాఠమునకు ముఖ్యము గనుక పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ 1991 సంవత్సరమున ఒక మనుష్యుని సంగతి మరింత ఆశ్చర్యకరమైనది. సెర్గెయ్ క్రికలేవ్ అను వ్యోమగామి మే 18న మీర్ అను రోదసీ కేంద్రమునకు పంపబడెను. సుమారు ఐదు నెలలుండి రావలసినవాడు. ఆయన పైనుండగా క్రింద దేశము చీలిపోసాగెను. ప్రయోగస్థలమైన బైకనూరు కజఖస్తాను నేలపై నున్నది. ఆ ప్రాంతపు వ్యోమగామి యొకనిని పంపుట అవసరమైనందున క్రికలేవునకు బదులుగా దీర్ఘకాలముండగల మనిషి పోలేదు. ఆయన స్వంత పట్టణమైన లెనిన్‌గ్రాడ్ పేరు సెప్టెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్ అయ్యెను. డిసెంబరు 25న గోర్బచేవ్ పదవి విడిచెను. క్రికలేవును, ఆయనతోనుండిన అలెగ్జాండర్ వోల్కోవ్ అను సైనికాధికారియు, తమ దుస్తులపై సోవియట్ అక్షరములతో భూమి చుట్టు తిరుగుచునే యుండిరి. 1992 మార్చి 25న దిగివచ్చు సరికి క్రికలేవునకు 311 దినములు గడచెను. ఏ దేశము పంపెనో ఆ దేశము లేదు. దిగిన నేలయు వేరొక దేశపు నేల. ఏ శత్రువును ఆ రోదసీ కేంద్రమును కొట్టలేదు, పట్టుకొనలేదు. అత్యున్నత స్థలము దాని చేతిలోనే యుండగా రాజ్యము క్రిందనుండి జారిపోయెను.

ఇచ్చట ఒక మాట నిర్మొగమాటముగా చెప్పుకొనవలసియున్నది. 1970వ, 1980వ దశకములలో పడమటి దేశములలోనేగాక మన దేశములోను అనేక ప్రసంగ వేదికలపై, యెహెజ్కేలు 38వ అధ్యాయములోని గోగు సోవియట్ యూనియనే యనియు, రోషు అనగా రష్యాయే యనియు గట్టిగా బోధింపబడెను. వార్తాపత్రికను ఎడమచేతను బైబిలును కుడిచేతను పట్టుకొని, టాంకుల సంఖ్యయు రాకెట్ల సంఖ్యయు లెక్కించి కాలములను నిర్ణయించిరి. 1991లో ఆ లెక్కలు ఏమాయెను? తప్పినది లేఖనము కాదు, తొందరపడిన వ్యాఖ్యానము. నేడు మరియొక రాజ్యమును తెచ్చి ఆ ఖాళీలో కూర్చుండబెట్టుటకు ఉత్సాహపడువారు ఆ సంగతి మరువరాదు. దానియేలు 2వ అధ్యాయములో ప్రవక్త రాజుతో బంగారు తల నీవేయని చెప్పెను గాని, తక్కిన లోహములకు అచ్చట పేర్లు పెట్టలేదు. 8వ అధ్యాయమున మాదీయ పారసీకుల పేరును గ్రీకుల పేరును ఇయ్యబడినవి. అంతకు మించి ప్రతిమ కాలివ్రేళ్లకు ఆధునిక రాజ్యముల పేర్లు కట్టుట దానియేలు చేసిన పని కాదు.

ఎన్ని సంవత్సరములు?

రాజ్యముల ఆయుష్షు లెక్కింపవలెనన్న కోరిక ఎప్పుడును ఉన్నదే. జోర్దాను అరబ్ సైన్యమునకు అధిపతిగా పనిచేసిన ఆంగ్లేయ సైనికుడు సర్ జాన్ గ్లబ్, 1976లో ఒక వ్యాసము ప్రకటించి, అష్షూరు మొదలు బ్రిటను వరకు గల సామ్రాజ్యములు సుమారు 250 సంవత్సరములు నిలిచినవని చూపెను. సాహసికుల తరముతో మొదలై, వర్తకము, ఐశ్వర్యము, విద్య అను దశలు దాటి, సుఖలాలసతో క్షీణించునని ఆయన వర్ణన. ఆ వర్ణనలో ఆలోచింపదగిన సత్యము చాల ఉన్నది. లెక్క మాత్రము అంత నమ్మదగినది కాదు. రోమును గణతంత్రమనియు సామ్రాజ్యమనియు రెండు ముక్కలు చేసి, రెండవ ముక్కను క్రీ.శ. 180తో ఆపివేసినగాని 250 రాదు. తురుష్క సామ్రాజ్యము 1922 వరకు నిలిచినను, ఆయన దానిని 1570తో ముగించెను. కొలబద్దకు సరిపడునట్లు బట్టను కత్తిరించినట్లున్నది. 1776కు 250 చేర్చి 2026 అని భయపడువారును, సంతోషించువారును ఈ సంగతి గమనించుట మంచిది.

తెలుగు నేలపై లెక్క ఎట్లున్నది? కాకతీయులు 1163లో స్వతంత్రులై 1323లో ఓరుగంటితో కూలిరి, 160 సంవత్సరములు. విజయనగరము 1336 మొదలు 1646 వరకు, పేరునకు 310. అయితే 1565లో తళ్లికోట యుద్ధమునకు తరువాతి కాలము పెనుగొండకును చంద్రగిరికిని వెనుదీయుచు బ్రదికిన కాలము. గోలకొండ కుతుబ్‌షాహీలు 1518 నుండి 1687 వరకు 169. అసఫ్‌జాహీలు 1724 నుండి 1948 వరకు 224. ఉత్తర సర్కారులలో ఆంగ్లేయులు 1766 ఒడంబడిక నుండి 1947 వరకు 181. ఏ రెండును సమానము కావు. బబులోను సంగతి చూచినను, నెబుకద్నెజరు రాజైన క్రీ.పూ. 605 నుండి పట్టణము కోరెషు వశమైన 539 వరకు 66 సంవత్సరములే. బంగారు తల మిక్కిలి కొద్దికాలము వెలిగినది. దాని తరువాతి పారసీక రాజ్యము వెండియని చెప్పబడినను రెండు శతాబ్దములకు పైగా నిలిచినది. లోహపు వెలకును ఆయుష్షునకును పొంతన లేదు.

సంఖ్యలకంటె పతనమైన రీతియే ఎక్కువ ఉపదేశకరము. గోలకొండను ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించెను. అతడు త్రవ్వించి పెట్టిన మందుపాతరలు వెనుకకు ప్రేలి అతని సైనికులనే చంపినవి. గోడ పగులలేదు. చివరకు లంచము తీసికొనిన ఒక అధికారి రాత్రివేళ లోపలినుండి తలుపు తెరచెను. బబులోను గోడలును అట్టివే. బెల్షస్సరు విందు చేయుచుండగా పట్టణము పోయెను. కోరెషు సేన యుద్ధము లేకయే ప్రవేశించెనని బబులోను వారి మట్టిపలకయే చెప్పుచున్నది. సోవియట్ యూనియను చేతిలో వేలకొలది అణ్వస్త్రములుండెను, ఒక్కటియు ప్రేలలేదు. 1991 డిసెంబరు 8న మూడు రిపబ్లికుల నాయకులు ఒక కాగితముపై సంతకములు చేసిరి.

తొమ్మిదివందల ఇనుప రథములు

ఇక ఆకాశమున సైన్యముల మాట. కనాను రాజు సేనాధిపతియైన సీసెరాకు 900 ఇనుప రథములుండెనని న్యాయాధిపతుల గ్రంథము చెప్పుచున్నది. ఆ కాలమునకు అది రోదసీ నౌక వంటి సాధనము. తరువాత ఫిలిష్తీయులు ఇశ్రాయేలులో కమ్మరి లేకుండ చేసి, నాగటి కఱ్ఱు పదును పెట్టుకొనుటకైనను తమయొద్దకే రావలెనని కట్టడి చేసినట్లు 1 సమూయేలు 13వ అధ్యాయములో నున్నది. నేటి భాషలో అది సాంకేతిక నిషేధము. అయితే రథమునకు ఒక బలహీనత కలదు. దానికి చదునైన నేల కావలెను. కీషోను వాగు పొంగినప్పుడు సీసెరా రథము దిగి కాలినడకను పారిపోయెను.

ఉపగ్రహమునకును అట్టి బలహీనతయే యున్నది. సినిమాలలో చూపునట్లు రోదసీ నౌకలు కుడికి ఎడమకు తిరిగి, దాగి, వెనుదీసి యుద్ధము చేయజాలవు. భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగు వస్తువు గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగముతో, సుమారు గంటన్నరకొకమారు, గీచినట్లు ఒకే దారిలో చుట్టివచ్చును. దాని రాకను ముందుగానే లెక్కకట్టవచ్చును. త్రోవ మార్చుకొనుటకు ఇంధనము కావలెను. మోసికొనిపోయిన ఇంధనము స్వల్పము. ఆకాశమున కొండలేదు, కందకము లేదు, చాటు లేదు. అందరు ఉన్నత స్థలమని పిలుచునది నిజమునకు గోడలు లేని బయలు.

అగ్రరాజ్యములు ఈ సంగతిని ఖర్చుపెట్టి నేర్చుకొనినవి. 1962 జూలై 9న అమెరికా పసిఫిక్ సముద్రముపై 400 కిలోమీటర్ల ఎత్తున అణుబాంబును ప్రేల్చెను. సుమారు 1,450 కిలోమీటర్ల దూరముననున్న హవాయి ద్వీపములో వీధిదీపములు ఆరిపోయెను. ఆ ప్రేలుడు వలన మిగిలిన కిరణధార్మికత మిత్రరాజ్యమైన బ్రిటను ఉపగ్రహమును, అమెరికా స్వంత టెల్‌స్టార్ ఉపగ్రహమును పాడుచేసినది. 1974లో సోవియట్ యూనియను పంపిన సాల్యూత్-3 కేంద్రములో ఫిరంగి యొకటి అమర్చబడెను. గురిపెట్టవలెనన్న ఆ కేంద్రమునంతటిని త్రిప్పవలెను. 1975 జనవరిలో, లోపల మనుష్యులు లేనప్పుడు, దానిని కాల్చిచూచిరి. రోదసిలో మోగిన ఫిరంగి కథ అంతే. 1967 నాటి అంతరిక్ష ఒడంబడిక అణ్వస్త్రములను, సామూహిక వినాశక ఆయుధములను కక్ష్యలో ఉంచరాదనియు, చంద్రాది గోళములు శాంతికార్యములకే ఉపయోగపడవలెననియు విధించెను. తక్కిన ఆయుధముల సంగతి అందులో నిషేధింపబడలేదు. ఆ సందులోనుండియే నేటి చిక్కులన్నియు వచ్చినవి.

2007 జనవరి 11న చైనా తన పాత వాతావరణ ఉపగ్రహమును 865 కిలోమీటర్ల ఎత్తున పగులగొట్టెను. లెక్కకు చిక్కిన తునకలే మూడు వేలకు మించినవి. అంత ఎత్తున గాలి లేదు గనుక అవి త్వరగా రాలవు. మనుమల కాలమువరకు తిరుగునవి వాటిలో నున్నవి. 2019 మార్చి 27న భారతదేశమును ఈ పని చేసెను. మిషన్ శక్తి యని దానికి పేరు. ఒడిశా తీరమున అబ్దుల్ కలాం ద్వీపమునుండి ఎగసిన క్షిపణి, రెండు నెలల క్రిందట శ్రీహరికోటనుండి పంపబడిన మైక్రోశాట్-ఆర్ అను మన ఉపగ్రహమునే సుమారు 280 కిలోమీటర్ల ఎత్తున కొట్టెను. అప్పటి రక్షణ పరిశోధన సంస్థ అధిపతి నెల్లూరు జిల్లావాడైన జి. సతీశ్ రెడ్డి గారు. హైదరాబాదు ప్రయోగశాలలకు క్షిపణి విద్యలో గల స్థానము అందరెరిగినదే. తునకలు త్వరగా రాలవలెననియే తక్కువ ఎత్తును ఎన్నుకొనిరి. చాలవరకు అట్లే రాలినవి. కొన్ని మాత్రము పైకెగిరి సంవత్సరమునకు పైగా తిరిగినవి. భారతదేశము నాలుగవదాయెనని దేశమంతట హర్షము వెల్లివిరిసెను. ఆ సంవత్సరమే బెంగుళూరు కేంద్రముగా రక్షణ అంతరిక్ష సంస్థ ఏర్పడెను. డిసెంబరు 20న అమెరికా అంతరిక్ష సైన్యమును ప్రత్యేక దళముగా స్థాపించెను.

ఆ హర్షమును తప్పుపట్టుట ఈ పాఠము ఉద్దేశము కాదు. పొరుగువాడు రాయి పట్టుకొని నిలిచినప్పుడు ఇంటివాడు నిర్లక్ష్యముగా నుండజాలడు. అయితే రాయి విసిరిన తరువాత ఏమగునో 2021 నవంబరు 15న లోకమునకు కనబడెను. రష్యా తన పాత ఉపగ్రహమైన కాస్మోస్-1408ను పగులగొట్టగా 1,500కు పైగా తునకలు లేచినవి. అంతర్జాతీయ రోదసీ కేంద్రములో అప్పుడు ఏడుగురుండిరి. వారిలో ఒకరు రాజా చారి. తండ్రి శ్రీనివాసాచారి తెలంగాణనుండి చదువునకై అమెరికా వెళ్లిన ఇంజనీరు. కుమారుడు అమెరికా వైమానిక దళములో కర్నలు. కేంద్రమునకు చేరి నాలుగైదు దినములే అయినది. నిద్రనుండి లేపి, తలుపులు మూసికొని, తిరుగు ప్రయాణపు నౌకలలో దాగుడని ఆజ్ఞ వచ్చెను. చారియు మరి ముగ్గురును తమ నౌకలోనికి, ఇద్దరు రష్యనులును ఒక అమెరికనుడును సోయజ్‌లోనికి పోయి సుమారు రెండు గంటలు వేచియుండిరి. రష్యా విసిరిన రాతికి రష్యనులే దాగవలసివచ్చెను. చారి దాగిన నౌక పేరు ఎండ్యూరెన్స్, అనగా ఓర్పు, నిలకడ.

రాబోవు అంతరిక్ష సైన్యములెట్లుండునో ఊహింపదలచినవారు ఈ దృశ్యమునుండి ప్రారంభించుట మంచిది. రథికులవలె ఎదురెదురుగా పోరు సైనికులు అందుండకపోవచ్చును. నేలపై గదులలో కూర్చుండి, ఇతరుల ఉపగ్రహముల మాట వినబడకుండ చేయువారు, కన్నునకు వెలుగు కొట్టి గ్రుడ్డిచేయువారు, మరియొక ఉపగ్రహము ప్రక్కకు మెల్లగా చేరి పట్టుకొను యంత్రములను నడుపువారు ఉందురు. 2022 ఫిబ్రవరి 24న, ఉక్రెయిన్ యుద్ధము మొదలైన ఉదయమే, ఒక ఉపగ్రహ సంస్థ గ్రాహకయంత్రములు దొంగచాటు సందేశములతో పనికిరాకుండ చేయబడెను; ఆకాశముననున్న ఉపగ్రహమునకు గీతయైనను పడలేదు. దూరమున జర్మనీలో వేలకొలది గాలిమరలకు పర్యవేక్షణ తెగిపోయెను. యుద్ధముతో సంబంధము లేనివారి ఇంటి గడప వరకు వచ్చు యుద్ధమిది.

తెలుగు తీరవాసులకు ఈ సంగతి పరదేశపు ముచ్చట కాదు. 1977 నవంబరు 19న దివిసీమపై పడిన ఉప్పెనలో పదివేలమందికి పైగా మరణించిరి. ఆ నాటికి మన ఆకాశమున తుపానును నిత్యము కనిపెట్టి చూచు మన స్వంత కన్ను లేదు. 1983లో ఇన్‌శాట్-1బి వచ్చెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును ఛిన్నాభిన్నము చేసినను, ముందుగా తెలిసినందున లక్షలమందిని తరలింపగలిగిరి. మృతులు పదులలోనే యుండిరి. ఆ రెండు సంఖ్యల మధ్యనున్న భేదములో ఉపగ్రహములకు గొప్ప భాగమున్నది. ఏదో రెండు రాజ్యములు పంతమునకు పోయి కక్ష్యలను తునకలతో నింపినచో, దాని వెల చెల్లించువారిలో నాగాయలంక, భీమునిపట్నము పల్లెకారులును ఉందురు. 2022 ఏప్రిల్‌లో అమెరికా ఇట్టి విధ్వంసక పరీక్షలు ఇక చేయనని ప్రకటించి, ఇతరులను పిలిచినది. మంచి ఆరంభమే, అందరు చేరలేదు.

ఎదోము కొండ సందులలో, ఎవరును ఎక్కిరాలేని చోట, నివసించెను. ఓబద్యా ప్రవక్త ఆ జనమునకు చెప్పిన మాటలో, పక్షిరాజువలె ఎత్తున, నక్షత్రములలోనే నివాసమేర్పరచుకొనినను క్రిందికి తేబడుదురన్న హెచ్చరిక కలదు. ఆ మాటను రోదసీ కేంద్రములను గూర్చిన ప్రవచనమని చెప్పుట గోగు విషయములో చేసిన తప్పును మరల చేయుటయే. ప్రవక్త గద్దించినది ఎత్తును కాదు. తరువాతి వచనములు చదివినచో ఎదోము చేసిన నేరము తెలియును: సహోదరుడైన యాకోబు పట్టణము దోచుకొనబడు దినమున దూరముగా నిలిచి చూచి సంతోషించెను, తప్పించుకొనువారిని దారిలో పట్టి అప్పగించెను. ఎత్తైన స్థలమున కూర్చుండువానికి క్రిందివారి శ్రమ వినోదముగా కనబడుట, అదియే నేరము.

యిర్మీయా జాబు

రాయపూరు, భిలాయిలలోని తెలుగు ఇండ్లలో పిల్లలు నేడు ఇంజనీరింగు చదువుచున్నారు. కొందరు హైదరాబాదు రక్షణ ప్రయోగశాలలకు, కొందరు శ్రీహరికోటకు, కొందరు చారి తండ్రివలె అమెరికాకు పోవుదురు. ఏ అగ్రరాజ్యమును నిలువదని తెలిసినప్పుడు, దాని కొలువులో ప్రాణము పెట్టి పనిచేయుట వ్యర్థము కాదా అను ప్రశ్న అట్టి యౌవనస్థునికి రావచ్చును. భిలాయిలో నలుబది సంవత్సరములు కొలిమియొద్ద చెమటోడ్చిన తాతకును, రష్యా వారి పటములు చూచి పని నేర్చిన రోజులు తలంచుకొనినప్పుడు, ఆ ప్రశ్న రాకపోదు.

యిర్మీయా 29వ అధ్యాయమున బబులోనుకు చెరగొనిపోబడినవారికి ప్రవక్త వ్రాసిన జాబున్నది. బబులోనునకు డెబ్బది సంవత్సరములే గడువని అందులో స్పష్టముగా నున్నది. అంత స్పష్టముగా గడువు చెప్పిన ఆ జాబే, ఇండ్లు కట్టుకొనుడని, తోటలు నాటి వాటి ఫలములు తినుడని, కుమారులకు పెండ్లిండ్లు చేయుడని, ఆ పట్టణపు క్షేమమును కోరి దానికొరకు ప్రార్థించుడని ఆజ్ఞాపించుచున్నది. హనన్యా అను మరియొక ప్రవక్త రెండు సంవత్సరములలో అంతయు ముగియునని తియ్యగా చెప్పెను. జనులకు ఆ మాటయే నచ్చెను. బబులోను శాశ్వతమని నమ్మువాడు దానికి దాసుడగును. అది రేపే కూలునని నమ్మువాడు తోట నాటడు. యిర్మీయా ఆ రెండు దారులనుండియు వారిని తప్పించెను. దానియేలు ఆ జాబు ప్రకారము జీవించినవాడు. ప్రతిమ కూలునని రాజుతో చెప్పిన నోటితోనే ఆ రాజ్యపు లెక్కలు చూచెను. బబులోను పోయిన తరువాత పారసీకుల కొలువులోను నమ్మకముగా పనిచేసెను. రెండు అగ్రరాజ్యముల క్రింద ఒకే మనుష్యుడు, ఒకే కిటికీ, దినమునకు మూడు మారులు ప్రార్థన.

అట్లని ఏ పనియైనను చేయవచ్చునని కాదు. తుపానును కనిపెట్టు ఉపగ్రహము కట్టుటయు, దానిని పగులగొట్టు క్షిపణి కట్టుటయు ఒకే చదువుతో చేయదగిన పనులే. రెండవ పని కోరబడినప్పుడు, ఇది నా దేశమును కాచుటకా, లేక ఇతరులను భయపెట్టి సంతోషించుటకా అని అడుగుట ప్రయోగశాలలోని క్రైస్తవునికి విధియై యున్నది. ఆ ప్రశ్నకు సమాధానము ప్రతి దినము ఒకేలాగున ఉండకపోవచ్చును. దానియేలు రాజు విద్యలు నేర్చుకొనెను గాని, రాజు భోజనము విషయములో ఒక హద్దు గీచుకొనెను. ఆ హద్దు ఎచ్చటనో ఎవరును ముందుగా అతనికి పటము గీచి ఇయ్యలేదు.

నాడు సోయజ్‌లో దాగిన ముగ్గురు, అనగా రష్యనులైన ష్కాప్లెరోవ్, దుబ్రోవ్, అమెరికనుడైన మార్క్ వాండె హై, 2022 మార్చి 30న ఆ నౌకలోనే దిగివచ్చిరి. క్రింద ఉక్రెయిన్ యుద్ధము మొదలై అయిదు వారములాయెను; రెండు రాజ్యములు ఒకదానినొకటి దూషించుకొనుచుండెను. వారు ముగ్గురును ఇరుకైన ఆ గుండ్రని గదిలో మోకాళ్లు ముడుచుకొని ప్రక్కప్రక్కనే కూర్చుండి, ముప్పది సంవత్సరముల క్రిందట క్రికలేవ్ దిగిన కజఖస్తాను మైదానములోనే దిగిరి.